వస్తువుకొక చోటు - మనసుకొక విశ్రాంతి

ఉద్దేశ్యం

మనిషి జీవితంలో మూడవ వంతు కాలం పడకగదిలో గడుస్తుంది. ఆ గదిలో వస్తువులను అమర్చుకొనే పద్ధతికి ఆరోగ్యంతోను, చదువుతోను, కుటుంబంలోని పరస్పర గౌరవంతోను గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశ్యం.

పాఠ్యభాగం

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని తెలుగువారి సామెత. పగలంతా పొలంలో శ్రమించిన మనిషికి కటిక నేల కూడా పట్టుపరుపుగానే తోస్తుంది. ఈ మాటలో సత్యమున్నది. అయితే ఈ సామెత పుట్టిన కాలంలో శరీరశ్రమ ఎక్కువ, ఇంట్లో వస్తువులు తక్కువ. దీపం ఆర్పగానే ఇల్లంతా చీకటిలో, నిశ్శబ్దంలో మునిగిపోయేది. నేటి ఇంట్లో ఆ పరిస్థితి లేదు. మంచం మెత్తనయింది, గది పెద్దదయింది, నిద్ర మాత్రం పలుచబడింది. దీనికి గల కారణాలలో కొన్ని మన కళ్ళముందే, మంచం కిందనో, బీరువా మీదనో, కుర్చీపై పోగుపడిన బట్టలలోనో ఉన్నాయి.

రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలో, హైదరాబాదు నుండి చేవెళ్ళకు పోయే రహదారిపై కనకమామిడి గ్రామం ఉన్నది. మర్రిచెట్లకు పేరుపొందిన దారి అది. ఒక దిక్కున మహానగరం, మరొక దిక్కున పంటపొలాలు. మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతాల రైతులు కూరగాయలను, పూలను పండించి నగరానికి పంపుతారు. నగరం నుండి కొత్త వస్తువులు, కొత్త అలవాట్లు అదే దారిన ఈ ఊళ్ళకు చేరుతాయి. పాత పెంకుటిల్లు, కొత్త డాబా ఇల్లు పక్కపక్కనే కనిపించే ఇటువంటి ప్రాంతంలో మనిషి పడుకొనే చోటు ఎట్లా మారుతూ వచ్చిందో తెలుసుకోవడం సులభం.

నాటి అర్ర

తెలంగాణ పల్లెల్లో గదిని 'అర్ర' అంటారు. పాతకాలపు సామాన్య రైతు ఇంట్లో పడకకంటూ ప్రత్యేకంగా ఒక అర్ర ఉండేది కాదు. పగలు పని జరిగిన చోటనే రాత్రి పడక పరచుకొనేవారు. వేసవి వచ్చిందంటే నులకమంచాలు వాకిట్లోకి చేరేవి. తెల్లవారగానే మంచాన్ని గోడకు నిలబెట్టి, బొంతలు మడిచి గడంచె మీద పెట్టేవారు. దానితో పడక మాయమై మళ్ళీ పనిచేసుకొనే చోటు ఏర్పడేది.

ఆ ఇంట్లో ప్రతి వస్తువుకూ నియతమైన చోటు ఉండేది. మందమైన మట్టిగోడలో తొలిచిన గూట్లో దీపం, దువ్వెన, కుంకుమభరిణ ఉండేవి. గోడకు దిగ్గొట్టిన చిలుకకొయ్యకు తలపాగ, సంచి వేలాడేవి. రోజూ కట్టే బట్టలు దండెం మీద ఉండేవి. పండుగలకు కట్టే చీరలు, వెండి సొమ్ములు, భూమి కాగితాలు సందుగలో భద్రంగా ఉండేవి. అరబ్బీ భాష నుండి ఉర్దూ ద్వారా వచ్చిన 'సందూక్' అనే మాటే తెలంగాణ వాడుకలో 'సందుగ' అయింది. ధాన్యం గుమ్మిలోను, పప్పుదినుసులు కుండల దొంతిలోను, అరుదుగా వాడే సామాను అటక మీదను ఉండేవి. చీకట్లో తడుముకొన్నా కావలసిన వస్తువు చేతికి దొరికేది.

ఆ రోజులను కేవలం సుఖమయంగా భావించడం పొరపాటు. గాలి, వెలుతురు చాలని ఇళ్ళు అనేకం. వస్తువులు తక్కువగా ఉండటానికి చాలా ఇళ్ళలో పేదరికమే కారణం. స్త్రీలకు ఏకాంతమనేదే ఉండేది కాదు. వెనుకటి పేదరికాన్ని మెచ్చుకోవలసిన పని లేదు. కాని వస్తువుకు చోటు నిర్ణయించిన ఆ క్రమశిక్షణ నేటికీ అనుసరింపదగినది.

ఈ పద్ధతి ఒక్క తెలుగునాటికే పరిమితం కాదు. జపాను దేశంలో 'ఫుటాన్' అనే పలుచని పరుపును రాత్రి నేలపై పరచి, ఉదయం మడిచి 'ఓషీరే' అనే గోడ అలమారలో పెట్టడం సంప్రదాయం. చిన్న ఇంట్లో ఒకే గది పగలొక విధంగా, రాత్రి ఒక విధంగా ఉపయోగపడాలంటే పడకకు కూడా పగటిపూట ఒక చోటు ఉండాలని ఆ ప్రజలు కూడా గ్రహించారు.

నవాబుగారి అలమార

వస్తువులు పెరిగితే వాటికి తగిన చోటు కూడా పెరుగుతూ పోవలసిందే. దీనికి హైదరాబాదు నగరంలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (1866-1911) పురానీ హవేలీ ప్రాసాదంలో నివసించిన కాలంలో ఆయన దుస్తులకోసం ఏర్పడిన అలమార సుమారు 176 అడుగుల పొడవున, రెండు అంతస్తులుగా, భవనంలోని ఒక భాగం పొడవునా వ్యాపించి ఉన్నది. పై అంతస్తుకు చేరడానికి చేతితో తిప్పే చెక్క లిఫ్టును అమర్చారు. ప్రపంచంలోని అతి పొడవైన బట్టల అలమారలలో ఒకటిగా అది పేరు పొందింది. ఒకసారి ధరించిన దుస్తులను ఆయన మళ్ళీ ధరించేవారు కాదని జనశ్రుతి. అదే ప్రాసాదంలో 2000 సంవత్సరంలో ప్రారంభమైన నిజాం మ్యూజియంలో సందర్శకులు దానిని చూడవచ్చు.

ఆయన కుమారుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ప్రపంచంలోని మహాధనవంతులలో ఒకరుగా పేరొందినప్పటికీ సాదా దుస్తులతో, పాత టోపీతో కాలం గడిపినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. 1908లో మూసీ వరదలు నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1920లో ఆయన పాలనలో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ జలాశయం మొయినాబాదు ప్రాంతానికి సమీపంలోనే ఉన్నది. తండ్రికి 176 అడుగుల అలమార కూడా అధికం కాలేదు. కుమారునికి కొద్దిపాటి బట్టలే చాలాయి. సామాన్యునికి ఈ రెండు మార్గాలూ అక్కరలేదు. అయితే ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. నవాబుకు అలమారతోపాటు దానిని సర్దే సేవకులూ ఉండేవారు. సామాన్యుని ఇంట్లో కొత్తగా చేరిన ప్రతి వస్తువునూ తుడిచి, మడిచి, భద్రపరచవలసిన చేతులు ఆ ఇంటివారివే.

నేటి గది

కనకమామిడి వంటి ఊళ్ళో ఒక మధ్యతరగతి రైతు కుటుంబాన్ని ఊహించుకొందాం. డాబా ఇంట్లో రెండు గదులు. కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతూ రోజూ బస్సులో కళాశాలకు పోయివస్తుంది. ఆమె పడుకొనే గదిలోనే తల్లి కుట్టుమిషను, రెండు బియ్యపు సంచులు, వేసవిలో మాత్రమే పనికివచ్చే కూలరు, పెళ్ళిళ్ళలో కానుకలుగా వచ్చిన స్టీలు పాత్రల పెట్టెలు ఉన్నాయి. తలుపు వెనుక కొక్కేలకు పది జతల బట్టలు వేలాడుతున్నాయి. ఉదయం ఒక చున్నీ కోసం పదిహేను నిమిషాల వెదకులాట, ఆ తరువాత బస్సు కోసం పరుగు. ఇది ఎవరి దోషమూ కాదు. ఇంటికి గదులు వచ్చాయి కాని వస్తువులకు చోట్లు ఏర్పడలేదు.

ఆ గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్నదనుకొంటే వైశాల్యం 120 చదరపు అడుగులు. ఆరున్నర అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల మంచానికి 32.5 చదరపు అడుగులు పోతాయి. 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల ఇనుప బీరువాకు 4.5, చిన్న బల్లకు 6 చదరపు అడుగులు కావాలి. ఇవన్నీ కలిపి 43 చదరపు అడుగులు. ఇంకా 77 చదరపు అడుగుల నేల ఖాళీగా ఉండాలి. తలుపు తెరుచుకోవడానికి, బీరువా ముందు నిలబడటానికి, మంచం పక్కన నడవడానికి కావలసిన స్థలాన్ని తీసివేసినా గదిలో హాయిగా మసలవచ్చు. ఈ లెక్కను బట్టి ఆ గది నిజానికి చిన్నది కాదు. అక్కడ ఉండనవసరం లేని వస్తువులే దానిని చిన్నదిగా చేశాయి.

కంటి ముందరి చిందర, మనసులోని వందర

గదిలోని అస్తవ్యస్తత కంటితో ఆగదు, మనసును చేరుతుంది. చూపుమేరలో అనేక వస్తువులు ఒకేసారి ఉన్నప్పుడు అవి మెదడు దృష్టికోసం పరస్పరం పోటీపడతాయని నాడీశాస్త్ర పరిశోధనలు నిరూపించాయి. బల్లమీద పుస్తకంతోపాటు పౌడరు డబ్బా, ఛార్జరు, విప్పిన మందుల పొట్లం ఉంటే, వాటిని పట్టించుకోకుండా ఉండటానికే కొంత శక్తి ఖర్చవుతుంది. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తమ ఇల్లు చిందరవందరగా ఉన్నదని వర్ణించిన స్త్రీలలో, సాయంత్రానికి సహజంగా తగ్గవలసిన ఒత్తిడి హార్మోను తగిన విధంగా తగ్గడం లేదని తేలింది.

నిద్ర విషయంలో వెలుతురు మరింత ముఖ్యమైనది. శరీరంలోని జీవగడియారం వెలుగు చీకట్లను అనుసరించి నడుస్తుంది. ఆ గడియారం కణాలలో ఏ విధంగా పనిచేస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. చీకటి పడినప్పుడు మెదడులో మెలటోనిన్ అనే హార్మోను విడుదలై శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. తలదిండు పక్కనే వెలుగుతున్న సెల్‌ఫోను ఆ సన్నాహాన్ని ఆలస్యం చేస్తుంది. 13 నుండి 18 సంవత్సరాల వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య నిపుణులు 2016లో సూచించారు. చదివినది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర తోడ్పడుతుంది. పరీక్షలకోసం నిద్ర మానుకొనే విద్యార్థి ఒక చేత్తో కూడబెట్టి మరొక చేత్తో పారబోసుకొంటున్నట్లే.

అమరిక పద్ధతి

గది సర్దడానికి మొదటి సాధనం కొత్త అలమార కాదు, సరియైన నిర్ణయం. పెట్టె కొన్నంత మాత్రాన అనవసరమైనది అవసరమైనది కాజాలదు. ఒక సెలవురోజున గదిలోని వస్తువులను భాగాలుగా బయటకు తీసి నాలుగు కుప్పలు చేయాలి. రోజూ వాడేవి ఒక కుప్ప. రుతువును బట్టి గాని, పండుగలకు గాని వాడేవి రెండవది. వాడుక లేకపోయినా జ్ఞాపకంగా దాచుకోవలసినవి మూడవది. ఇతరులకు ఇవ్వవలసినవి, పారవేయవలసినవి నాలుగవది. గది మొత్తాన్ని ఒకేసారి విప్పితే సాయంత్రానికి విసుగు పుడుతుంది. ఒక రోజు బట్టలు, మరొక రోజు పుస్తకాలు, ఇంకొక రోజు మంచం కింది సామాను అనే క్రమం మేలు.

తరువాత చోటు నిర్ణయించాలి. మోకాలి ఎత్తునుండి భుజం ఎత్తు వరకు గల అరలు చేతికి సులభంగా అందుతాయి కనుక అవి నిత్యం వాడే వస్తువులకు చెందాలి. బరువైనవి కింది అరలో, తేలికైనవి, అరుదుగా వాడేవి పై అరలో ఉండాలి. స్టీలు పాత్రలు నింపిన పెట్టెలను బీరువాపైన పెట్టడం ప్రమాదకరం. ఎత్తైన చెక్క అలమారలను గోడకు బిగించడం మంచిది, ఎందుకంటే చిన్నపిల్లలు అరలను మెట్లుగా భావించి ఎక్కినప్పుడు అవి మీద పడే అవకాశమున్నది.

బట్టలను ఒకదానిపై ఒకటి పేర్చితే అడుగున ఉన్నదాన్ని లాగినప్పుడు దొంతి అంతా కూలిపోతుంది. వాటిని చిన్నగా మడిచి పుస్తకాల వలె నిలువుగా అమర్చితే ప్రతిదీ కనిపిస్తుంది. ఒకసారి తొడిగి, మళ్ళీ తొడగవలసిన బట్టలకు శుభ్రమైన బట్టల మధ్య గాని, మాసిన బట్టల బుట్టలో గాని చోటు ఉండదు. కుర్చీలు బట్టలతో నిండిపోవడానికి ఇదే కారణం. వాటికోసం గోడకు నాలుగు కొక్కేలు కేటాయిస్తే సమస్య తీరుతుంది. పాతకాలపు చిలుకకొయ్య చేసిన పని ఇదే.

పట్టుచీరలను ప్లాస్టిక్ సంచులలో కంటె పలుచని నూలుబట్టలో చుట్టి ఉంచడం శ్రేయస్కరం. ఎల్లకాలం ఒకే మడతలో ఉంచితే ఆ మడత వద్దనే జరీ చిట్లుతుంది. కనుక కొన్ని నెలలకొకసారి విప్పి, నీడలో గాలి తగలనిచ్చి, మడత మార్చాలి. వానాకాలంలో తడి ఆరని బట్టలను బీరువాలో పెడితే బూజు పడుతుంది.

పదవ తరగతి మెమో, కులధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం వంటి పత్రాలను ఒకే సంచిలో, నేలకు ఎత్తైన అరలో ఉంచి, ఆ చోటు ఇంటిల్లిపాదికీ తెలిసేటట్లు చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాదు వరదలలో అనేక కుటుంబాల ఇళ్ళలోకి నీరు చేరింది. అటువంటి సమయంలో ఒక్క చేత్తో అందుకొనగలిగే చోట ఆ సంచి ఉండటమే ముందుచూపు.

అమరిక ప్రాణరక్షణకు

గ్రామీణ ప్రాంతంలో పడకగదిని సర్దుకోవడం కేవలం అందానికి సంబంధించినది కాదు. పడుకొనే గదిలో ధాన్యపు సంచులు ఉంటే ఎలుకలు చేరుతాయి. ఎలుకలు ఉన్నచోటికి పాములు రావడం సహజం. 2000 నుండి 2019 వరకు గల కాలంలో భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58,000 మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వీటిలో కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. నేలపై నిద్రించేవారిని కాటువేసినప్పుడు తరచు నొప్పి కూడా తెలియదు. కాబట్టి ధాన్యాన్ని మూతగల డబ్బాలలో, వీలైనంతవరకు వేరొక గదిలో ఉంచాలి. మంచం కింద చీపురు తిరిగేటంత ఖాళీ ఉండాలి. మంచం మీద పడుకొని, దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోవడం వల్ల దోమలతోపాటు పాముల నుండి కూడా రక్షణ లభిస్తుంది. పాముకాటు సంభవిస్తే కోతలు, కట్లు, మంత్రాలతో కాలయాపన చేయక 108 వాహనాన్ని పిలిచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

సాగులో వాడే పురుగుమందులను ఎట్టి పరిస్థితిలోను పడకగదిలో ఉంచరాదు. అవి నివసించే గదులకు దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. బట్టల మధ్య వేసే నాఫ్తలీన్ గోళీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉంటుంది. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టల వల్ల అటువంటి శిశువుల ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదమున్నది. మన పెద్దలు నీడలో ఆరబెట్టిన వేపాకును బట్టల అరలో వేసేవారు. బట్టలను అప్పుడప్పుడు ఎండకు, గాలికి ఆరవేయడంతోపాటు ఆ పద్ధతి నేటికీ అనుసరణీయమే.

అందానికి ఆడంబరం అక్కరలేదు

అమరిక కుదిరిన తరువాత అందం దానంతట అదే తొంగిచూస్తుంది. గోడలకు లేతరంగులు వేస్తే వెలుతురు ఇనుమడిస్తుంది. మంచాన్ని కిటికీకి అడ్డం పెట్టకుండా ఉంటే గాలి ధారాళంగా వస్తుంది. తెలంగాణ వేసవిలో డాబాపై తెల్లసున్నం వేయడం, కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టడం గదిని చల్లబరిచే చవకైన మార్గాలు.

అలంకరణకు దూరదేశపు వస్తువులను కొనవలసిన పని లేదు. పోచంపల్లి ఇక్కత్తు దుప్పటి ఒక్కటి పరిస్తే చాలు, గదికి కళ వస్తుంది. దారానికి ముందే ముళ్ళు వేసి రంగులద్ది ఆ తరువాత నేయడం వల్ల ఏర్పడే ఆ ఆకృతులకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2018లో అదే గుర్తింపు పొందిన వరంగల్ దుర్రీ నేలపై పరచుకోవడానికి అనువైనది. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే దానిని మించిన అలంకారం లేదు. అయితే గోడకు ఒక చిత్రం శోభనిస్తుంది, పది చిత్రాలు సంతను తలపిస్తాయి. గదిలో కంటికి ఖాళీగా తోచే గోడ ఒకటైనా ఉండాలి. సంగీతంలో విరామం వంటిదే గదిలో ఖాళీ.

ఎవరి పని?

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని మరొక సామెత. ఇంటి శుభ్రతను ఒక్క స్త్రీ యోగ్యతకు కొలమానం చేసిన సామెత ఇది. భారత ప్రభుత్వం 2019లో నిర్వహించిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనిలో పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు మాత్రమే వెచ్చించారు. ఒకరు విప్పి పడవేసిన బట్టను మరొకరు మడిచే ఇంట్లో గది ప్రశాంతంగా కనబడవచ్చు గాని, ఆ ప్రశాంతి ఒక మనిషి విశ్రాంతిని హరించి సంపాదించినదే అవుతుంది.

వస్తువుకు చోటు నిర్ణయించడంలోని అసలు ప్రయోజనం ఇక్కడే ఉన్నది. చోటు తల్లికి మాత్రమే తెలిసిన ఇంట్లో ప్రతివారూ "అమ్మా, నా అంగీ ఏది?" అని కేకవేస్తారు. చోటు అందరికీ తెలిసిన ఇంట్లో ఎవరి పని వారు చేసుకొంటారు. లేచిన వెంటనే దుప్పటి మడవడానికి రెండు నిమిషాలు, పడుకొనే ముందు తీసిన వస్తువును తిరిగి దాని చోట పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ పని కొడుకుకు, కూతురుకు సమానంగా అలవడాలి. వసతిగృహంలో చేరి ఒక పెట్టెతో, ఒక అరతో గడపవలసి వచ్చిన నాడు ఈ అలవాటు విలువ ఏమిటో విద్యార్థికి స్పష్టంగా తెలుస్తుంది.

పెద్ద ఇల్లు అందరికీ సాధ్యం కాకపోవచ్చు. సొంత గది కూడా చాలామందికి ఉండదు. కాని ఒక గూడు, ఒక అర, ఒక కొక్కెం తనదిగా చేసుకొని, దానిని క్రమంగా ఉంచుకోవడం ఎవరికైనా సాధ్యమే. రోజు ముగిసేసరికి ప్రతి వస్తువూ తన చోటికి చేరిన గదిలో మనిషికీ నెమ్మదిగా కన్నుమూసే చోటు దొరుకుతుంది.

అర్థాలు

అర్ర = గది
గడంచె = సామాను పెట్టుకొనే చెక్క బల్ల
చిలుకకొయ్య = గోడకు అమర్చిన కొయ్య కొక్కెం
దండెం = బట్టలు వేసుకొనే వేలాడు కర్ర లేదా తాడు
సందుగ = పెద్ద పెట్టె
గుమ్మి = ధాన్యం నిలువచేసే పెద్ద గాదె
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
ఇనుమడించు = రెట్టింపగు
కాలయాపన = కాలం వ్యర్థంగా గడపడం

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నాటి అర్రకు, నేటి పడకగదికి గల భేదాన్ని వివరించండి.
2. గ్రామీణ ప్రాంతాలలో పడకగదిని క్రమంగా ఉంచుకోవడం ప్రాణరక్షణకు ఎట్లా తోడ్పడుతుందో తెలపండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఆరవ నిజాం అలమారను గురించి రాయండి.
2. వస్తువులను ఏ నాలుగు భాగాలుగా విభజించాలి?
3. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అనే సామెతపై మీ అభిప్రాయాన్ని తెలపండి.

ఇ. ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'సందుగ' అనే మాట ఏ పదం నుండి వచ్చింది?
2. పోచంపల్లి ఇక్కత్తుకు భౌగోళిక గుర్తింపు ఏ సంవత్సరంలో లభించింది?
3. ఉస్మాన్‌సాగర్ జలాశయం ఎప్పుడు పూర్తయింది?

ఈ. మీరు పడుకొనే గది కొలతలు తీసుకొని, అందులోని వస్తువులు ఆక్రమించిన స్థలమెంతో, ఖాళీ స్థలమెంతో లెక్కగట్టి ఒక పట్టిక తయారుచేయండి.